చేతులు కడుక్కోమన్నందుకు



అన్నం ముందు కూర్చోబోయే పిల్లవాణ్ణి చేతులు కడుక్కున్నావా అని అడగని తల్లి ఉండదు. వాడు రెండు అరచేతులూ చాచి, ఇవిగో, శుభ్రంగానే ఉన్నాయి కదా అంటాడు. కంటికి కనిపించినంత మట్టుకు వాడి మాట అబద్ధం కూడా కాదు. మీ వంటింటి గుమ్మం దగ్గర రోజూ జరిగే ఈ చిన్న వాదన, నూట డెబ్బై ఏళ్ళ క్రితం యూరపు ఖండంలోని గొప్ప వైద్యాచార్యుల మధ్య జరిగింది. పిల్లవాడి మాట మాట్లాడినవారు ఆచార్యులు. తల్లి మాట మాట్లాడినవాడు దాదాపు ఒంటరివాడు. చివరికి ఆ ఒంటరివాడు పిచ్చాసుపత్రిలో ప్రాణం విడిచాడు. ఈ వారం ఆయన జీవితం మీకు చెబుతాను. చదివాక మీ పిల్లలకు కూడా చెప్పండి.

ఆయన పేరు ఇగ్నాసు ఫిలిప్పు సెమ్మెల్‌వైస్. మన పెద్దలు ఇన్నయ్య, ఇన్నాసమ్మ అని పెట్టుకున్నది ఈ ఇగ్నాసు పేరునే. 1818 జూలై 1న హంగేరీ దేశపు బూడా పట్టణంలో, తబాన్ అనే పేటలో ఒక కతోలిక కుటుంబంలో పుట్టాడు. తండ్రి కిరాణా వర్తకుడు. పదిమంది పిల్లల్లో ఇతడు ఐదవవాడు. దాన్యూబు నదికి ఒక ఒడ్డున బూడా, ఎదుటి ఒడ్డున పెస్ట్. ఇవి పక్కనున్న మరో పట్టణంతో కలిసి 1873లో బుడాపెస్ట్ నగరం అయ్యాయి.

1837లో న్యాయశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్ళిన ఆ యువకుడు అక్కడ మనసు మార్చుకుని వైద్యంలో చేరాడు. 1844లో పట్టా పుచ్చుకున్నాడు. 1846లో వియన్నా పెద్దాసుపత్రి ప్రసూతి విభాగంలో ఆచార్య క్లైన్ కింద సహాయకుడయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిది.

ఆ ప్రసూతి విభాగం పేదరాళ్ళ కోసం పెట్టింది. అక్కడ కానుపు ఉచితం. బదులుగా, నేర్చుకునే వారు తమను పరీక్ష చేయడానికి ఆ తల్లులు ఒప్పుకోవాలి. విభాగంలో రెండు శాఖలుండేవి. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు పని నేర్చుకునేవారు. ఒకరోజు వచ్చిన వారిని ఒక శాఖలో, మరునాడు వచ్చిన వారిని రెండవ శాఖలో చేర్చుకునేవారు. అంటే ఏ తల్లి ఏ శాఖకు వెళ్ళేదీ ఆమె వచ్చిన రోజును బట్టే. కాని ఆమె బతుకూ చావూ కూడా ఆ రోజును బట్టే ఉండేవి.

1841 నుండి 1846 వరకు లెక్క చూడండి. మొదటి శాఖలో 20,042 కానుపులు జరిగితే 1,989 మంది తల్లులు చనిపోయారు. నూటికి పదిమంది అన్నమాట. రెండవ శాఖలో 17,791 కానుపులకు 691 మంది. అంటే నూటికి నలుగురికి లోపు. చంపినది బాలింత జ్వరం. కానుపైన రెండు మూడు రోజులకు చలి జ్వరం, పొత్తికడుపులో భరించరాని నొప్పి, ఆ తర్వాత మరణం. చాలాసార్లు పసికందు కూడా తల్లి వెంటే పోయేది. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. మొదటి శాఖలో వేయవద్దని ఆ పేదరాళ్ళు మోకరిల్లి, చేతులు జోడించి బతిమాలుకునేవారు. దారిలో, వీధిలో ప్రసవించి ఆ తర్వాత ఆసుపత్రికి చేరినవారికి ఈ జ్వరం చాలా తక్కువగా వచ్చేది. ఆలోచించండి. వైద్యుడు తాకని తల్లి బతుకుతోంది. వైద్యుడు తాకిన తల్లి చనిపోతోంది!

గాలిలో దోషం అన్నారు పెద్దలు. సెమ్మెల్‌వైస్‌కు అది రుచించలేదు. ఒకే కప్పు కింద, గోడకు ఇవతల వీచే గాలి ఒకటీ అవతల వీచే గాలి మరొకటీ అవుతుందా? జనం కిక్కిరిసి ఉండడం వల్ల అన్నారు. తీరా చూస్తే, మొదటి శాఖకు భయపడి వచ్చే వారితో రెండవదే ఎక్కువ కిక్కిరిసి ఉండేది. మొదటి శాఖలో తల్లులను వెల్లకిలా, రెండవదానిలో పక్కకు తిప్పి పడుకోబెట్టేవారు. ఆయన మొదటిదానిలో కూడా పక్కకు తిప్పించాడు. చావులు ఆగలేదు.

ఇక మనలాంటి గురువుల మీద కూడా అనుమానం వచ్చింది. చావుబతుకుల్లో ఉన్న తల్లికి కడపటి దివ్యసంస్కారాలు ఇవ్వడానికి గురువు వెళ్ళేటప్పుడు, ముందు ఒకడు గంట వాయిస్తూ నడవడం అక్కడి ఆచారం. మొదటి శాఖలో రోగుల గదికి చేరాలంటే ఆయన ఐదు వార్డులు దాటాలి. పగలూ రాత్రీ ఆ గంట మోగుతుంటే పురిటి తల్లుల గుండెలు అవిసిపోయేవి. ఆ భయమే జ్వరంగా మారుతోందేమోనని, గంట లేకుండా మరో దారిన రమ్మని సెమ్మెల్‌వైస్ గురువును అడిగాడు. గురువు మాట మన్నించి చప్పుడు లేకుండా చుట్టుదారిన వెళ్ళాడు. అయినా చావులు తగ్గలేదు. తర్కం చెప్పే ఆచార్యులు నేటికీ ఈ కథను పాఠంగా చెబుతారు. ఒక్కొక్క కారణాన్నీ తీసుకుని, పరీక్షించి, నిలవనిదాన్ని వదిలివేయడం సత్యాన్వేషణలో రాజమార్గం.

1847 మార్చిలో ఆయన వెనిస్ నగరానికి వెళ్ళి వచ్చేసరికి ఒక దుర్వార్త ఎదురయింది. ఆయన మిత్రుడు ఆచార్య కొలెచ్కా చనిపోయాడు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతి కత్తి కొలెచ్కా వేలికి గుచ్చుకుంది. కొద్ది రోజుల్లోనే ఒళ్ళంతా విషమెక్కి పోయాడు. మిత్రుడి శవపరీక్ష నివేదిక చదువుతుంటే సెమ్మెల్‌వైస్‌కు కళ్ళు తెరుచుకున్నాయి. అవి బాలింత జ్వరంతో పోయిన తల్లుల శరీరాల్లో రోజూ తాను చూస్తున్న లక్షణాలే! కొలెచ్కా శరీరంలోకి శవం తాలూకు విషాన్ని కత్తి చేరవేసింది. మరి తల్లుల శరీరంలోకి చేరవేస్తున్నదేమిటి?

వైద్యుల చేతులే. వైద్యులూ విద్యార్థులూ ఉదయం శవాలను కోసి, చేతులు మామూలుగా కడుక్కుని, తిన్నగా వచ్చి కానుపు గదిలో తల్లులను పరీక్షించేవారు. మంత్రసానులు శవాల జోలికి పోరు. రెండు శాఖల మధ్య తేడా అక్కడుంది.

1847 మే నెల మధ్యలో ఆయన కానుపు గదిలోకి వచ్చే దారిలో ఒక పాత్ర పెట్టించాడు. అందులో క్లోరిన్ కలిపిన నీళ్ళు. లోపలికి వచ్చే ప్రతివాడూ ఆ నీళ్ళతో చేతులు కడుక్కోవాలని ఆజ్ఞ వేశాడు. అది ఖరీదు కావడంతో తర్వాత క్లోరిన్ పట్టించిన సున్నం వాడాడు. అది మీకు కొత్తదేమీ కాదు. పంచాయతీ వాళ్ళు వానాకాలం మన బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరే. సబ్బుతో కడిగినా చేతులను వదలని శవాల వాసన ఈ నీళ్ళతో పోతుంది. వాసన పోతే విషమూ పోతుందని ఆయన ఊహ. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తేలలేదు.

ఏప్రిల్ నెలలో ఆ శాఖలో నూటికి 18 మంది తల్లులు చనిపోయారు. మేలో 12 మంది. జూన్‌లో ఇద్దరు. జూలైలో ఒకరు. 1848వ సంవత్సరం మొత్తం మీద 3,556 కానుపులకు 45 మంది పోయారు. అంటే నూటికి ఒకరికి కొంచెం పైన. మంత్రసానుల శాఖలోనూ ఇంచుమించు అంతే. ఆ ఏడు మార్చిలో ఒక్క తల్లి కూడా చనిపోలేదు. ఆగస్టులో కూడా అంతే. అదే భవనం, అదే గాలి, అవే మంచాలు. మారినవి చేతులు మాత్రమే.

ఇక్కడ మీరొక సంగతి గమనించాలి. ఆ సత్యం తెలిసిన రోజున సెమ్మెల్‌వైస్‌కు సంతోషం కంటే దుఃఖమే ఎక్కువ కలిగింది. ఎందుకంటే అందరికంటే శ్రద్ధగా, అందరికంటే ఎక్కువ శవాలను పరీక్షించినవాడు ఆయనే. తన చేతుల వల్ల ఎందరు తల్లులు అకాలంగా సమాధికి వెళ్ళారో దేవునికే తెలియాలని తర్వాత తన పుస్తకంలో దాచకుండా రాసుకున్నాడు. జర్మనీలో కీల్ నగరపు ప్రసూతి వైద్యుడు మిఖాయెలిస్ ఈ వార్త విని, తన ఆసుపత్రిలోనూ క్లోరిన్ నీళ్ళు పెట్టించి, సత్యమని గ్రహించాడు. తాను కానుపు చేసిన దగ్గరి బంధువు ఈ జ్వరంతోనే పోయిందన్న బాధ తట్టుకోలేక 1848లో ప్రాణం తీసుకున్నాడు. కాని ఎక్కువమంది ఆచార్యులు ఎన్నుకున్న దారి వేరు. ఆ సత్యాన్నే కాదన్నారు. నీ చేతులే చంపాయి అంటే ఏ గౌరవనీయుడు ఒప్పుకుంటాడు? 1843లోనే అమెరికాలో హోమ్స్ అనే వైద్యుడు ఈ జ్వరాన్ని వైద్యులే మోసుకొస్తున్నారని రాశాడు. వైద్యులు పెద్దమనుషులనీ, పెద్దమనుషుల చేతులు శుభ్రంగానే ఉంటాయనీ అక్కడి ఆచార్యుడొకడు జవాబిచ్చాడు. మన పిల్లవాడి మాటే!

పైగా ఆ మందు మరీ చిన్నది. యోర్దాను నదిలో మునిగి రమ్మంటే, ఇంతేనా అని కోపగించుకున్న నామాను కథ మీకు తెలుసు. కడుక్కుంటే చాలన్న మాట చదువుకున్నవారికి అవమానంలా తోచింది. చేతులు పగులుతున్నాయని, వాసనని విద్యార్థులు విసుక్కున్నారు.

1847 అక్టోబరులో మరో దెబ్బ తగిలింది. గర్భాశయంలో పుండు కుళ్ళిన ఒక స్త్రీని మొదటి మంచం మీద పరీక్షించి, ఆ చేతులతోనే తక్కిన తల్లులను పరీక్షించారు. ఆ వరుసలోని పన్నెండు మందిలో పదకొండుగురు చనిపోయారు. శవాల నుండే కాదు, బతికున్న వారి పుండు నుండి కూడా విషం చేతులకు అంటుతుందని అప్పుడు తెలిసింది. గదిలోకి వచ్చేటప్పుడు ఒకసారి కడిగితే చాలదు, ఒక రోగిని ముట్టి మరొకరిని ముట్టే ముందు మళ్ళీ కడుక్కోవాలన్న నియమం అప్పుడు వచ్చింది.

1849 మార్చిలో ఆయన పదవీకాలం ముగిసింది. క్లైన్ పొడిగించలేదు. సెమ్మెల్‌వైస్ వైపు కూడా లోటు లేకపోలేదు. తాను కనుగొన్నది వెంటనే రాసి ప్రచురించలేదు. ఆ పని మిత్రుడు హెబ్రా చేయవలసి వచ్చింది. 1850లో చిన్న పదవి ఒకటి దక్కినా, అందులోని ఆంక్షలు సహించక, మిత్రులకు కూడా చెప్పకుండా వియన్నా విడిచి పెస్ట్ వెళ్ళిపోయాడు.

అక్కడ 1851 నుండి పునీత రోకు పేరుగల ఆసుపత్రిలో పనిచేశాడు. ఐదారు సంవత్సరాల్లో 933 కానుపులకు 8 మంది మాత్రమే ఆ జ్వరంతో చనిపోయారు. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. చేతులు కడిగినా అక్కడ కొందరు చనిపోతుంటే, కారణం సరిగా ఉతకని పడకగుడ్డలని కనిపెట్టి, వాటి కోసం అధికారులతో పోరాడాడు. 1857లో మరియా వైడెన్‌హోఫర్‌ను వివాహమాడాడు. వారికి కలిగిన ఐదుగురు బిడ్డల్లో ఇద్దరు పసితనంలోనే పోయారు.

1861లో తన పుస్తకాన్ని ప్రపంచం ముందు పెట్టాడు. అది దీర్ఘమైనది, కోపం నిండినది. పెద్దలు పెదవి విరిచారు. ఆయన బహిరంగ లేఖలు రాసి, ఒక్కొక్క ఆచార్యుణ్ణీ పేరు పెట్టి హంతకుడన్నాడు. తల్లులు చనిపోతుంటే చూస్తూ ఊరుకోలేని ఆవేదన అది. కాని తిట్టు విన్నవాడు చేతులు కడుక్కోడు, చెవులు మూసుకుంటాడు. క్రమంగా ఆయన మతి చెదిరింది. 1865 జూలై నెలాఖరున కొత్త ఆసుపత్రి చూద్దువుగాని రమ్మని నమ్మించి, వియన్నాలో పిచ్చాసుపత్రికి తీసుకువెళ్ళి అప్పగించారు. బయటికి పోవాలని పెనుగులాడితే కావలివాళ్ళు కొట్టారు. కట్టి చీకటిగదిలో వేశారు. రెండు వారాల్లో గాయం కుళ్ళి, ఒళ్ళంతా విషమెక్కి, 1865 ఆగస్టు 13న కన్నుమూశాడు. వయస్సు నలభై ఏడు. బాలింతలను చంపిన విషం లాంటిదే ఆయననూ చంపింది.

అంతకు ఒక్క రోజు ముందు, ఆగస్టు 12న, స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో, బండి కింద పడి కాలు విరిగిన పదకొండేళ్ళ బాలుడికి లిస్టర్ అనే శస్త్రవైద్యుడు కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. గాయం కుళ్ళలేదు. పిల్లవాడు నడిచి ఇంటికి వెళ్ళాడు. అప్పటికి లిస్టర్‌కు సెమ్మెల్‌వైస్ పేరు కూడా తెలియదు. 1879లో పారిస్‌లో లూయీ పాశ్చర్ బాలింత జ్వరానికి కారణమైన సూక్ష్మజీవుల రూపాన్ని నల్లబల్ల మీద గీసి చూపించాడు. సెమ్మెల్‌వైస్ చెప్పిన కంటికి కనబడని విషం ఉన్నమాట నిజమే. 1969 నుండి బుడాపెస్ట్ వైద్య విశ్వవిద్యాలయం ఆయన పేరు మోస్తోంది.

చదువరులారా, ఇది వైద్యుల కథ, మనకెందుకు అనుకోకండి. మన ఇంట్లో భోజనం దగ్గర ఏం జరుగుతుందో చూడండి. తిన్న తర్వాత చెయ్యి కడుక్కోవడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కూర జిడ్డు కనబడుతుంది, వాసన తెలుస్తుంది. కాబట్టి సబ్బు పెట్టి మరీ కడుగుతాం. తినబోయే ముందు మాత్రం కుడిచేతి వేళ్ళ కొనలు తడిపి విదిలిస్తాం. అంటే కనబడే మరకను కడిగి, కనబడని మృత్యువును ముద్దతో పాటు మింగుతున్నాం. మలవిసర్జన తర్వాత ఎడమచేతికి నీళ్ళు పోసుకుంటే పని అయిపోయిందనుకుంటాం. ఆ ఎడమచెయ్యే తలుపు గడియ తీస్తుంది, కుళాయి తిప్పుతుంది. వెనకాలే కుడిచెయ్యి వాటిని పట్టుకుంటుంది. విరేచనాలు, టైఫాయిడ్, నులిపురుగుల గుడ్లు మన పిల్లల నోటికి చేరే దారుల్లో ఇది ముఖ్యమైనది. సబ్బుతో చేతులు కడగడం నేర్పినచోట విరేచనాలు దాదాపు మూడోవంతు తగ్గినట్లు అనేక పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. అందుకే 2008లో ప్రపంచ చేతుల శుభ్రత దినాన్ని అక్టోబరు 15న మొదలుపెట్టినప్పుడు ముందుగా బడిపిల్లల దగ్గరికే వెళ్ళారు.

మన బడుల్లో పాఠం చెప్పనివారు లేరు. పాఠం ఒక్కటే చాలదని సెమ్మెల్‌వైస్ జీవితమే చెబుతోంది. ఆయన గెలిచింది గుమ్మం దగ్గర పాత్ర పెట్టించినప్పుడు. ఓడింది తిట్లతో నిండిన లేఖలు రాసినప్పుడు. ఒక లెక్క వేయండి. రెండు వందల మంది పిల్లలకు ఒకటే కుళాయి ఉంటే, తలకు అర నిమిషం చొప్పున వంద నిమిషాలు కావాలి. మధ్యాహ్న భోజనం గంట మోగితే, ఆకలితో ఉన్న పిల్లవాడు వంద నిమిషాలు నిలబడతాడా? కడుక్కోకపోతే అది వాడి తప్పా? ఒక పొడవాటి గొట్టానికి పది కుళాయిలు బిగిస్తే అది పది నిమిషాల పని. అంత స్తోమత లేనిచోట, మూత ఉన్న డ్రమ్ములకు అడుగున కుళాయిలు పెట్టి వరుసగా ఉంచవచ్చు. సబ్బు పోతుందని భయమా? ఉల్లిపాయలు వచ్చే వల సంచిలో వేసి కుళాయికి కట్టండి. అరిగిన సబ్బు ముక్కలను నీళ్ళలో నానబెట్టి సీసాలో పోసి, మూతకు చిల్లు పెట్టినా చాలు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల సంగతి అడిగినట్లే, బడిలో సబ్బు ఉందా అని కూడా అడగండి.

పిల్లలకు నేర్పవలసినది కొంచెమే. తినే ముందు, మలవిసర్జన తర్వాత, రెండు చేతులూ తడిపి, సబ్బు రాసి, అరచేతులు, చేతుల వెనక, వేళ్ళ సందులు, గోళ్ళ కొనలు ఇరవై అంకెలు నిదానంగా లెక్కపెట్టేదాకా రుద్దాలి. తర్వాత పారే నీళ్ళతో కడిగి గాలికి ఆరనివ్వాలి. కడిగిన చేతిని నిక్కరుకో, గౌనుకో తుడుచుకుంటే కడిగిన ఫలం పోయినట్లే. వారానికోసారి గోళ్ళు తీయాలి. అన్నింటికంటే ముందు, వాళ్ళు చూస్తుండగా మనం కడుక్కోవాలి. అయ్యవారు, వంట చేసే అమ్మ, ఇంట్లో నాన్న, అమ్మమ్మ, గుడిలో గురువు, అందరూ. 2020లో కరోనా భయంతో ప్రతి గుమ్మం ముందూ వెలిసిన సబ్బు నీళ్ళు, భయం తగ్గగానే చాలాచోట్ల మాయమయ్యాయి. భయంతో వచ్చిన అలవాటు భయంతో పాటే పోతుంది. పెద్దలను చూసి వచ్చిన అలవాటు నిలుస్తుంది.

వియన్నాలో మోగిన గంట ఒక తల్లి పోతోందని చెప్పే గంట. మన బడిలో మోగేది అన్నం గంట. ఆ గంట వినగానే మన పిల్లలు మొదట కుళాయి వైపు పరుగెత్తేటట్లు చేయడం మన చేతుల్లో ఉంది. రేపు మీ పిల్లవాడు అరచేతులు చాచి శుభ్రంగానే ఉన్నాయి కదా అన్నప్పుడు కోప్పడకండి. లేచి వాడితో పాటు మీరూ కడుక్కోండి.